ఖురాన్ క్లాసులో బైరాగి

గార్డెన్ రీచ్, కలకత్తా
2020 జులై

కాశింబీ అక్కకి చెల్లెలి సలాం.

మేమంతా బాగున్నాం. ఈ మాట మొదటే రాయకపోతే ఉత్తరం మధ్యలో వదిలేసి చివరికి తిప్పి చూస్తావని నాకు తెలుసు. మీ మరిదికి దగ్గు తగ్గింది. అది ఆ జబ్బు కాదట. మే నెల తుఫానుకి కూలిన చెట్టు ఇంకా మా సందు మొదట్లోనే పడి ఉంది, దాని కొమ్మల మీద అందరూ మాస్కులు ఆరేసుకుంటున్నారు.

ఫోన్ చెయ్యకుండా ఈ రాతలేమిటే అంటావు. ఫోనెత్తగానే స్పీకర్ పెడతావు. అటు నీ కోడలు, ఇటు నా కోడలు, మధ్యలో మనిద్దరం 'అన్నం తిన్నావా' దాటి ఒక్క మాట ముందుకు పోలేం. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. నా కొడుక్కి మాట్లాడటం వచ్చు గానీ అక్షరం రాదు. అందుకే నీ ఉత్తరం బల్ల మీద పడేసినా బీరువాలో తాళం వేసినట్టే.

మార్చిలో నా క్లాసు మూతపడింది. ముందు గదిలో చాపలు పరిస్తే వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి కూర్చునేవారు, నువ్వు చూశావుగా. సగం మంది దర్జీల ఇళ్ళవాళ్ళు, చేతికి దారం ముక్కలు అంటుకునే వచ్చేవారు. నేను వాళ్ళ నోళ్ళు చూస్తూ చెప్పేదాన్ని. ఖురాన్ అక్షరం వింటే చాలదు. నాలుక ఎక్కడ తగులుతోందో, గొంతు ఎక్కడ బిగుస్తోందో కళ్ళతో చూడాలి. చూడటానికి మనిషే లేకుండా పోయింది. ఇంట్లో కూర్చుని ఎవరి మీద కోప్పడాలో తెలియక గిన్నెల మీద కోప్పడ్డాను.

చివరికి కోడలు నౌషీన్, "ఫోన్లో చెప్పండి అమ్మీ, అందరూ అలాగే చెబుతున్నారు" అంది. ఆడవాళ్ళు ఖురాన్ చదివే గొంతు ఫోన్లోకి వదిలితే అది ఏ మగాడి చెవిలో పడుతుందోనని నా భయం. మీ మరిది నవ్వాడు. "ఏటే, ఇన్నాళ్ళూ మీరంతా ఆ గదిలో అరుస్తుంటే రోడ్డు మీద ఆటోవోడికి ఇనబడ్లేదా?" అన్నాడు. నిజమే అనిపించింది. కానీ షరతులు పెట్టాను. ఆడవాళ్ళు మాత్రమే రావాలి. వీడియోలు ఆపెయ్యాలి, ఎవరింట్లో ఎవరు వెనక నుంచి నడుస్తారో తెలియదు కదా. ఎవరూ రికార్డు చెయ్యకూడదు. అలా మొదలైంది.

మొదటి రోజు అందరినీ కలిసి చదవమన్నాను, ఎప్పటిలా. అక్కా, అది విని ఉంటే నువ్వు పొట్ట పట్టుకునేదానివి. ఒకరి గొంతు ఒకరి వెనక పడుతూ వచ్చింది. మధ్యలో కుట్టుమిషన్లు, కుక్కర్ విజిళ్ళు, ఎవరింట్లోనో కోడి. సరే, ఒక్కొక్కరే చదవండి అన్నాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మూడేళ్ళుగా ముందు వరుసలో కూర్చుని తల ఊపుతూ చదివే నస్రీన్ ఉందే, ఆమెకి అక్షరాలే రావు. గుంపులో పెదవులు కదిపేది, అంతే. నాకు మండిపోయింది. పవిత్ర గ్రంథం ముందు కూర్చుని నటించడమేమిటి, సిగ్గు లేదా అని అందరూ వింటుండగానే అన్నాను.

నీ ఆరోగ్యం రాయి. మాస్కు మూతికి పెట్టుకో, మెడకి కాదు.

తాహెరా

* * *

పలాస
2020 ఆగస్టు

తాహెరాకి,

నీ ఉత్తరం బక్రీద్ వెళ్ళాక అందింది. రైళ్ళు సరిగా నడవడం లేదు కదా, టపా ఎప్పుడొస్తే అప్పుడే. ఇక్కడ అందరం కులాసా. మావాడు మస్తాన్ పనిచేసే జీడిమిల్లు మళ్ళీ తెరిచారు. వాడి కూతురికి ఫోన్లోనే బడి పెట్టారని ఎక్కడో ఒక పాత ఫోను కొనుక్కొచ్చాడు. పొద్దున్న దాని పాఠాలు అయిపోతే ఆ ఫోను ఊరికే పడి ఉంటుంది.

ఆ నస్రీన్‌ని నువ్వు అంత మాట అనకుండా ఉండాల్సింది. ఎవరి బాధ ఎవరికి తెలుసు.

ఒక సంగతి అడుగుతాను. మా వీధిలో జమాల్‌బీ అని ఒకామె ఉంది. నా ఈడుదే. నాలాగే మొగుడు పోయాడు. పాపం ఆమెకి ఖురాన్ చదవడం రాదు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో నేర్పేవాళ్ళు లేరు, పెళ్ళయ్యాక ఎవరూ అడగలేదు. వచ్చే షబే బరాత్‌కి, పోయినవాళ్ళని తలుచుకునే ఆ రాత్రి, మొగుడి పేరు మీద ఖురాన్‌లో యాసీన్ సూరా తన నోటితో చదవాలని ఆమె కోరిక. ఆయన బతికుండగా చాలా మంచిగా చూసుకున్నాడట. ఆ ఒక్కటీ చేస్తే ఋణం తీరినట్టు అనుకుంటోంది.

నువ్వే నేర్పవచ్చు కదా అంటావు. నాకు ఓపిక లేదు, గొంతు నొప్పి కూడా. నీ క్లాసు నంబరు పంపు. ఆమెకి సిగ్గెక్కువ. ఏదీ అడగకు, పలకరించకు. ఒక మూల కూర్చుని వింటుంది.

పిల్లలకి నా ముద్దులు.

కాశింబీ

* * *

గార్డెన్ రీచ్
2020 సెప్టెంబరు

అక్కా,

జమాల్‌బీ గారి కోసం నంబరూ, పాస్‌వర్డూ వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి జత చేశాను. పొద్దున్న పదింటికి. మొదటి నుంచి చెబుతాను, సిగ్గు పడొద్దను. ఆమెలాంటి వాళ్ళ కోసమే ఈ తంటాలన్నీ. ఆరు నెలలు గట్టిగా కూర్చుంటే యాసీన్ మొదటి పేజీ అయినా చదివించకపోతే నా పేరు మార్చుకుంటాను.

నీ గొంతు నొప్పి ఏమిటి? బావ పేరున ఫాతిహా చదివించిన రోజు కూడా అదే మాట అన్నావు. మిరియాల కషాయం తాగు, లేదా డాక్టరుకి చూపించు.

ఇక్కడ క్లాసు పెరుగుతోంది. ఇన్నేళ్ళుగా అత్తగారు గడప దాటనివ్వని కోడళ్ళు ముగ్గురు హౌరా నుంచి చేరారు. ఒకమ్మాయి వంటింట్లో కూర్చుని పాత్రలు తోముతూ వింటుంది. నోరు కనబడదు కాబట్టి ఇప్పుడు కొత్త పద్ధతి కనిపెట్టాను. గొంతు మీద చెయ్యి పెట్టుకుని చదవమంటాను, ఎక్కడ అదిరిందో చెప్పమంటాను. నన్ను అక్కని చేసి 'ఆపా, ఇక్కడ' అంటారు. ఎక్కడో నాకేం తెలుస్తుంది. కానీ చెయ్యి పెట్టుకున్నాక అక్షరం మాత్రం సరిగ్గా పలుకుతోంది.

తాహెరా

* * *

గార్డెన్ రీచ్
2020 అక్టోబరు

అక్కా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. మనసు బాగోలేదు.

క్లాసు మూసెయ్యాల్సి వచ్చేలా ఉంది. ఎవడో మగాడు చొరబడుతున్నాడు. ముస్లిం పేరు కూడా కాదు, బైరాగి అట. పది కొట్టగానే ఫోన్లో ఆ పేరు వెలుగుతుంది. మొదటి రోజు ఎవరండీ మీరు అని హిందీలో అడిగాను, ఉర్దూలో అడిగాను, బెంగాలీలో అడిగాను. ఉలుకూ పలుకూ లేదు. కోడలు బయటికి పంపేసింది. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆడవాళ్ళు చదువుకుంటుంటే దొంగచాటుగా వినడానికి ఇంట్లో అక్కాచెల్లెళ్ళు లేరా అని నాకొచ్చిన తిట్లన్నీ తిట్టి, నేనే నొక్కి పంపాను. ఆ మర్నాడూ వచ్చాడు. ఎంత సిగ్గులేని మనిషో.

ఈ సంగతి దర్జీల వీధిలో పాకింది. నస్రీన్ మొగుడు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మనిషి చెడ్డవాడు కాదు. "ఆపా, మీ మీద గౌరవం ఉంది. కానీ పరాయి మగాడు వింటుంటే నా భార్య గొంతు ఎలా విప్పుతుంది? ఆ బైరాగి ఎవడో తేలేదాకా మా ఇంటి నుంచి ఎవరూ రారు" అన్నాడు. అతని వెనకే ఇంకో నలుగురి ఇళ్ళ నుంచి అదే కబురు. హౌరా కోడళ్ళకి ఈ మాట తెలిస్తే వాళ్ళ అత్తలు ఫోన్లు లాక్కుంటారు. వాళ్ళకి మళ్ళీ ఈ అవకాశం రాదు.

మీ మరిది మాత్రం, "ఆ బైరాగెవుడో దేవుడి మాట ఇందామని వొచ్చుంటాడు, పోనీలెద్దూ" అంటాడు. ఆయనకి అన్నీ తేలికే.

అన్నట్టు మీ జమాల్‌బీ ఒక్క రోజు కూడా రాలేదు. రోజూ పేర్లు చూస్తూనే ఉన్నాను. ఆమెకి నిజంగా ఆశ ఉందా, లేక నలుగురిలో అన్న మాటేనా? అడిగి రాయి.

తాహెరా

* * *

పలాస
2020 నవంబరు

తాహెరా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ బైరాగి మా జమాల్‌బీయే.

ఆమె చేతిలోది మారుబేరపు ఫోను. రైల్వేగేటు దగ్గర బైరాగి అని ఒకాయన సెల్లు షాపు పెట్టుకున్నాడు, అక్కడ కొన్నది. ఆయన ముందు వాడుకుని అమ్మాడు. ఆయన పేరు అందులోనే ఉండిపోయి ఉంటుంది. ఆ వెలిగే పేరు ఇంగ్లీషులో ఉంటే ఈమెకేం తెలుస్తుంది. నువ్వు మూడు భాషల్లో అడిగావు గానీ ఆమెకి వచ్చిన ఒక్క తెలుగులో అడగలేదు.

నువ్వు తిట్టిన తిట్లన్నీ ఆమె విన్నది, మాటలు తెలియకపోయినా కోపం తెలిసింది. మైకు ఎలా తెరవాలో తెలియక కూర్చుంది. తెలిసినా నోరు పెగిలేది కాదులే. మగాడనుకుని పంపేశావని ఆమెకి తట్టలేదు. నస్రీన్‌ని అన్నట్టే తననీ అంటున్నావనుకుంది. ఇంత వయసొచ్చి అక్షరం రాని మనిషికి ఇక్కడేం పని అని తరిమేశావనుకుంది. అయినా మర్నాడు మళ్ళీ ఎందుకెళ్ళావమ్మా అని అడిగితే, మొగుడి మాట గుర్తొచ్చి వెళ్ళానంది. నాలుగో రోజు నుంచి వెళ్ళడం మానేసింది.

ఆశ ఉందా అని అడగమన్నావు. ఉంది.

కాశింబీ

* * *

గార్డెన్ రీచ్
2020 డిసెంబరు

అక్కా,

నీ ఉత్తరం పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. నౌషీన్‌కి హిందీలో చెప్పేలోపు నాకు నవ్వు ఆగలేదు, ఆ తర్వాత ఏడుపు ఆగలేదు. పాపం ఆ పిల్ల కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

ఆ సాయంత్రమే మీ మరిదిని వెంటబెట్టుకుని నస్రీన్ ఇంటికి వెళ్ళాను. బైరాగి అంటే పలాసలో ఉన్న ఒక పెద్దావిడ అని చెప్పాను. నస్రీన్ మొగుడు మిషను మీద తల ఆనించి నవ్వాడు. "అయితే మా ఫోన్ల పేర్లన్నీ మగాళ్ళవే కదా ఆపా. మీ కోడలు నా పేరు చూసి నా భార్యని కూడా పంపేస్తుందేమో" అన్నాడు. నిజమే సుమా. సగం మంది మొగుళ్ళ ఫోన్లలోంచే వస్తున్నారు. వాళ్ళ పేర్లు నాకు తెలుసు కాబట్టి ఇన్నాళ్ళూ తట్టలేదు. అందరూ తిరిగొచ్చారు. గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది.

నువ్వు ఆమెకి నచ్చజెప్పి పంపినట్టున్నావు, పోయిన సోమవారం బైరాగి పేరు మళ్ళీ వెలిగింది. అందరూ ఒక్కసారి సలాం చెప్పారు. నేను తెలుగులో, జమాల్‌బీ గారూ, కింద ఎడమ పక్క మైకు బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కి అలిఫ్ నుంచి నా వెనకే అనండి అన్నాను. ముందు కోళ్ళ చప్పుడు. తర్వాత ఆమె అలిఫ్ అంది.

మంచినీళ్ళు తాగే వంకతో నేను మైకు ఆపాను. మళ్ళీ తెరిచి పాఠం పూర్తి చేశాను. ఐన్ అక్షరం ఆమెకి కష్టమైంది, గొంతు మీద చెయ్యి పెట్టుకోమన్నాను. మూడోసారి వచ్చింది. మిగతా వాళ్ళు శభాష్ అన్నారు.

జమాల్‌బీ గారి గొంతు నాకు చాలా నచ్చిందని చెప్పు. చిన్నప్పుడు నాకు జడ వేస్తూ కదలకే అని కసిరిన గొంతు అలాగే ఉండేది. ఆమెని తిట్టినందుకు క్షమించమను. రోజూ రమ్మను. ఏ రోజైనా రాకపోతే నేనే బయల్దేరి వస్తానని, రైళ్ళు లేకపోతే నడిచైనా వస్తానని చెప్పు.

తాహెరా

* * *

పలాస
2021 జనవరి

తాహెరా,

జమాల్‌బీ అనే మనిషి మా వీధిలో లేదు. నీకు తెలిసిపోయిందని నాకు తెలుసు. నువ్వు మైకు ఆపినప్పుడే తెలిసింది. నలుగురిలో 'అక్కా' అనలేదు చూడు, ఆ మేలు మరిచిపోలేను.

ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనని మాట రాస్తున్నాను. నాకు ఖురాన్ చదవడం రాదు. నాన్న పరుపులు కుట్టడానికి ఊరూరా తిరిగే రోజుల్లో మనకి నేర్పే ఉస్తాద్‌బీ ఎక్కడుంది? ఇచ్ఛాపురంలో కుదురుకునేసరికి నాకు పెళ్ళయిపోయింది. నువ్వు నేర్చుకున్నావు. మనింట్లో నేర్చుకున్న మొదటి ఆడపిల్లవి నువ్వే, నాకు ఎంత గర్వంగా ఉండేదో.

అత్తగారింట్లో అందరూ కలిసి చదివే ఖురాన్ ఖానీ రోజు ముప్ఫై భాగాల సిపారాలు పంచేవారు, తలా ఒకటి. నాకూ ఒకటి ఇచ్చారు. రాదని చెప్పలేకపోయాను. వరుస మీద వేలు పెట్టి బిస్మిల్లా అనుకునేదాన్ని, వేలు చివరిదాకా పోనిచ్చి, కింద వరుస మీద మళ్ళీ బిస్మిల్లా. పేజీ తిప్పేదాన్ని. అందరికంటే ముందు నాదే అయిపోయేది. పెద్దకోడలు ఎంత వేగంగా చదువుతుందో అని మా అత్త అందరికీ చెప్పుకునేది. ఎవరైనా పైకి చదవమంటే గొంతు నొప్పి. నా గొంతు నొప్పికి నీ మిరియాల కషాయం పనిచెయ్యదు.

మీ బావకి కూడా చెప్పలేదు. ఆయన చివరి రోజుల్లో పక్కన కూర్చుని యాసీన్ చదవవే అన్నాడు. ఆ రోజూ వేలు పెట్టి బిస్మిల్లాలే అన్నాను, పెదవులు కదుపుతూ. ఆయన కళ్ళు మూసుకుని ఎంతో శాంతంగా విన్నాడు. అది నన్ను నిద్రపోనివ్వదు తాహెరా. ఆయన పేరున ఒక్కసారి నిజంగా చదవాలి.

నస్రీన్ గురించి నువ్వు రాసిన ఉత్తరం చదివాక నీకు చెప్పే ధైర్యం పోయింది. ఇంట్లోనూ తెలియదు. కోడలు ఖమరున్ ఫోను కలిపి ఇచ్చి, అత్తయ్య చెల్లెలి మాటలు వింటోందనుకుంటుంది. నేను పెరట్లో కోళ్ళగూడు పక్కన కూర్చుంటాను.

అక్కని కదా అని నాకు ఓర్పు చూపించకు. మిగతా వాళ్ళని ఎలా తిడతావో నన్నూ అలాగే తిట్టు.

కాశింబీ

* * *

గార్డెన్ రీచ్
2021 ఫిబ్రవరి

అక్కా,

తిట్టమన్నావు కదా. నిన్న 'ఖాఫ్' అక్షరం దగ్గర సరిపోయినంత తిట్టాను. ఇంకా కావాలంటే ఉన్నాయి.

ఒకటి గుర్తు చేస్తాను. అమ్మ కూడా వేలుతోనే చదివేది. తెల్లారి వెలుగులో కూర్చుని వరుస వరుసకీ బిస్మిల్లా అనేది. నేను ఉస్తాద్‌బీతో చెప్పి, మా అమ్మకి రాదు అని నవ్వాను. ఆవిడ నా చెవి మెలేసింది. మీ అమ్మ ప్రతి వరుసకీ దేవుడి పేరు తలుచుకుంటోంది, నువ్వు పేజీకి ఎన్నిసార్లు తలుచుకుంటున్నావు అంది. బావ పక్కన నువ్వు అన్నది అబద్ధమని అనుకోకు. ఆయన విన్నది దేవుడి పేరే.

కానీ ఇప్పుడు నువ్వు పూర్తిగా చదువుతావు. షబే బరాత్ వచ్చే నెలాఖరు దగ్గర పడుతుంది. మొదటి పేజీ నీది. రోజూ క్లాసు అయ్యాక బైరాగి ఒక్కతే ఆగాలి, మిగతా వాళ్ళు వెళ్ళిపోవచ్చు.

నస్రీన్‌కి ఫోన్ చేశాను. ఏం మాట్లాడానో నీకెందుకు. ఆమె ఇప్పుడు అక్షరాలు కలిపి చదువుతోంది.

తాహెరా

* * *

పలాస
2021 ఏప్రిల్

తాహెరాకి,

అందరం బాగున్నాం. నీలా మొదటే రాసేశాను.

షబే బరాత్ సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక మా ముందు గదిలో వీధి ఆడవాళ్ళం కూర్చున్నాం. దూరం దూరంగా, కిటికీలన్నీ తెరిచి. రొట్టె, హల్వా నేనే చేశాను, మీ బావకి ఇష్టమైనట్టు కొంచెం మాడనిచ్చి. ఖమరున్ ఖురాన్లు పంచింది. ఎవరికి వాళ్ళు యాసీన్ మొదలుపెట్టారు. నేను వేలు పెట్టాను. బిస్మిల్లా అన్నాను. ఈసారి వేలు అక్కడే ఆగింది.

తాహెరా, ఆ అక్షరాలు నన్ను చూశాయి. అన్నేళ్ళు వాటి మీద వేలు పెట్టి జారిపోయాను, ఒక్కదాని ముఖం కూడా గుర్తు పట్టలేదు. ఇప్పుడు ఇది యా, ఇది సీన్, ఇది నువ్వు తిట్టిన ఖాఫ్. ఒకచోట ఐన్ వచ్చింది. ఎడమ చెయ్యి గొంతు మీద పెట్టుకున్నాను. ఎవరైనా చూస్తే చూడనీ అనుకున్నాను.

మీ బావ ముఖం కళ్ళ ముందు ఉంది. కళ్ళు మూసుకుని విన్నాడే, ఆ ముఖమే. పైకే చదివాను, పక్కవాళ్ళకి వినబడేలా. తప్పులు వచ్చి ఉంటాయి. నువ్వు అక్కడ లేవు కాబట్టి ఎవరూ తిట్టలేదు.

అందరూ మూడేసి సార్లు చదివేసి, చివరి ప్రార్థన, దువా చెయ్యడానికి నా కోసం చూస్తున్నారు. నేనింకా మొదటి పేజీలో సగంలో ఉన్నాను. ఎప్పుడూ అందరికంటే ముందు ముగించే మనిషిని కదా, ఖమరున్‌కి కంగారు పుట్టింది. దగ్గరికి వచ్చి నుదురు పట్టుకు చూసి, "ఏటత్తా, ఒంట్లో బాలేదా? ఈపాలి ఇంత ఆలస్యమైపోతోంది" అంది.

"బానే ఉన్నానే. ఈపాలి సదువుతున్నాను" అన్నాను.

దానికి ఏమీ అర్థం కాలేదు. పక్కన కూర్చుని నేను పేజీ ముగించేదాకా విసనకర్రతో విసిరింది.

మస్తాన్ ఫోన్లో ఆ పేరు మార్చేస్తానంటున్నాడు. వద్దన్నాను. క్లాసులో అందరూ బైరాగి ఆపా అని పిలుస్తున్నారు, అలవాటైపోయింది. రేపు పదింటికి రెండో పేజీ.

మీ అక్క కాశింబీ